ఫ్లమెంకో గిటార్ తయారీ: వెనక పలక అంటించే ముందు నెక్ కోణం చూసుకోవడం

హాయ్ అండి. ఇదిగో, సొలెరా మీద గిటార్ బోర్లా పడుకుని ఉంది. సొలెరా అంటే ఈ అచ్చు బల్ల. స్పెయిన్ పద్ధతిలో నెక్ (తీగలు నొక్కే పొడవాటి మెడ), పైపలక, పక్క పలకలు అన్నీ దీని మీదే కలుస్తాయి.

పైపలక స్ప్రూస్, పక్కలు, వెనక సైప్రస్. అందుకే దీన్ని బ్లాంకా, అంటే తెల్లది, అంటారు. రోజ్‌వుడ్ అయితే నెగ్రా, నల్లది. పక్కలు వంచి నెక్ మడమలోని, అంటే నెక్ డొల్లతో కలిసే చోట ఉన్న, గాడుల్లో దూర్చేశాను, చూస్తున్నారుగా. లోపల పైపలకనీ పక్కలనీ పట్టి ఉంచే ఈ చిన్న చెక్కముక్కలు పెయోనెస్. ఒక్కొక్కటీ జిగురు రాసి నొక్కుకుంటూ పోవడమే. నేను వేడి చేసి వాడే చర్మపు జిగురే వాడతాను. రేపు రిపేరుకి వస్తే వేడి, తేమ తగిలించి విడదీయొచ్చు. మీరు వేరేది వాడినా పర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ నెమ్మదిగా చూడండి. వెనక పలక అంటుకుందంటే నెక్ కోణం ఇక కదలదు. క్లాసికల్ గిటార్‌లో బ్రిడ్జి (పైపలక మీద తీగలు కట్టే చెక్క) దగ్గర తీగ పైపలకకి 10, 12 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఫ్లమెంకోలో 7, 8 చాలు. వాయించేవాళ్లు గోల్పే కొడతారు కదా, వేలితో పలక మీద తట్టడం. తీగ ఎత్తుగా ఉంటే చెయ్యి అందదు.

గిటార్ తిప్పాను. నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) దగ్గర ఒకటి, 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) వచ్చే చోట ఒకటి, 7 మిల్లీమీటర్ల చెక్కముక్కలు పెడుతున్నా. తర్వాత నెక్ మీద అంటించే ఫ్రెట్‌బోర్డ్ పలక 6, ఫ్రెట్ 1, రెండూ కలిపి అన్నమాట. వాటి మీద పొడవాటి స్టీలు స్కేలు. బ్రిడ్జి వచ్చే చోట స్కేలు కింద సందు ఎంతుందో చూడండి. 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉండాలి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఫ్రెట్‌కి 3 ఎత్తులో ఉంటే బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి దాదాపు 6 అవుతుంది. 6కి 2 కలిపితే 8. సరిపోయింది.

సందు 5 వచ్చిందా? అప్పుడు తీగ 11కి పోతుంది, అది క్లాసికల్ ఎత్తు. నెక్ నట్ వైపు చివరని తీగల వైపుకి కాస్త తేవాలి. నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 650 మిల్లీమీటర్లు అయితే 12వ ఫ్రెట్ సరిగ్గా నడిమధ్య, 325 దగ్గర. తక్కెడ కాడలాగే, నట్ ఎంత లేస్తే బ్రిడ్జి దగ్గర గీత అంత దిగుతుంది. 3 దిగాలంటే నట్ 3 లేవాలి. మళ్లీ బోర్లా పెట్టాక, ఆ చివర సొలెరా వైపు అంత కిందికి దిగేలా క్లాంప్ వేయండి. మళ్లీ కొలవండి. నాకైతే డిజిటల్ కాలిపర్ కన్నా ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) నచ్చుతుంది, సందులోకి నేరుగా దూరుతుంది.

ఇదిగో, 2 చూపిస్తోంది. చాలు. క్లాంప్ కదపకుండా వెనక పలక పెట్టి, తాడు చుట్టేస్తున్నా. జిగురు ఆరే వరకు దీన్ని ముట్టుకోను. వచ్చే వీడియోలో ఫ్రెట్‌బోర్డ్, గోల్పేడోర్ (గోల్పే దెబ్బల నుంచి పైపలకని కాపాడే పల్చటి రేకు) అంటిద్దాం.