లకాన్ అర్థం కావట్లేదా? ముందు ఈ కండె ఆట చూడండి

ఫ్రెంచ్ సైకోఅనలిస్టు జాక్ లకాన్ పుస్తకం తెరిచి, ఒకే పేరా మళ్ళీ మళ్ళీ చదివి, ఒక్క ముక్క కూడా బుర్రకెక్కక, ఇది మనవల్ల అయ్యే పని కాదులే అని మూసేసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఈ వీడియో వాళ్ళ కోసమే. టెన్షన్ పడకండి, మీ తెలివికేం లోటు లేదు. ఎప్పుడో మొదలైన మాటల మధ్యలోకి వచ్చి కూర్చున్నారు, అంతే.

ఎందుకంటే లకాన్ చెప్పినదాంట్లో చాలా భాగం అసలు పుస్తకంగా రాసింది కాదు. 1953 నుంచి ఏళ్ల తరబడి పారిస్‌లో సెమినార్లు ఇచ్చాడు. ఎదురుగా కూర్చున్నవాళ్ళలో చాలామంది, సైకోఅనాలిసిస్‌ని, అంటే మాటల ద్వారా మనసు లోతుల్ని వెతికే వైద్యాన్ని, మొదలుపెట్టిన ఫ్రాయిడ్‌ని చదివి, పేషెంట్లను చూస్తున్న సైకోఅనలిస్టులు. ఒక్క మాట అంటే చాలు, దేని గురించో వాళ్ళకి తెలిసిపోయేది. ఇక ఆయన వ్యాసాల సంపుటి 'ఎక్రి', 1966లో వచ్చింది, దాదాపు 900 పేజీలు, అది ఇంకా కష్టం. అందులోనే 1957 నాటి ఒక వ్యాసంలో, తన రాతలోకి వచ్చే దారి కష్టంగా ఉండటమే తనకిష్టమని ఆయనే చెప్పేశాడు!

అందుకే ముందు ఫ్రాయిడ్ దగ్గరికి వెళ్ళండి. 1920లో వచ్చిన 'బియాండ్ ద ప్లెజర్ ప్రిన్సిపుల్' రెండో అధ్యాయంలో ఏడాదిన్నర పిల్లాడు ఉంటాడు, ఫ్రాయిడ్ మనవడే. అమ్మ బయటికెళ్తే ఏడవడు. కానీ దారం కట్టిన చెక్క కండెని తెర వేసిన తన మంచంలోకి విసిరి, అది కనపడకుండా పోగానే 'ఓ...' అని సాగదీస్తాడు. పోయింది అంటున్నాడని వాళ్ళమ్మా ఫ్రాయిడూ ఇద్దరూ అనుకున్నారు. తర్వాత దారం పట్టి లాగి, కండె కనపడగానే సంబరంగా 'ఇదిగో' అంటాడు. అమ్మ వెళ్ళడం, రావడం వాడి చేతిలో ఆటైపోయాయి. ఇంతవరకు ఎవరికైనా అర్థమవుతుంది. ఫ్రాయిడ్‌ని పట్టి ఆపింది వేరే విషయం. సంతోషమంతా తిరిగి రావడంలో ఉంటే, ఎక్కువసార్లు విసరడంతోనే ఎందుకు సరిపెట్టుకుంటున్నాడు? బాధపెట్టేదాన్నే ఎందుకు మళ్ళీ మళ్ళీ చేస్తున్నాడు? నాకైతే ఈ ప్రశ్న కోసమే ఇదంతా చదవాలనిపిస్తుంది.

ఇప్పుడు లకాన్ 1964 సెమినార్‌కి రండి. ఆ కండె అమ్మ కాదు, పిల్లాడి నుంచి ఊడి కూడా ఇంకా పిల్లాడిదిగానే ఉన్న చిన్న ముక్క అంటాడు. ఊరికే చదివితే గాల్లో మాటలా ఉంటుంది, కానీ ఆటని కళ్ళ ముందు పెట్టుకుని చదవండి, దారం ఇంకా వాడి చేతిలోనే ఉంది కదా. నేను అర్థం చేసుకున్నదేంటంటే, వెళ్ళింది అమ్మ ఒక్కతే కాదు, అమ్మ దగ్గరున్నప్పుడు తను ఎలా ఉండేవాడో అదీ కొంత పోయింది, వాడు విసురుతున్నది దాన్నే. నాకు దొరికిన అర్థం ఇది, మీకు వేరేది దొరకొచ్చు.

అలాగని కష్టంగా ఉన్న ప్రతిదాంట్లో లోతు ఉంటుందని నేననను. లకాన్ వాడిన గణితాన్ని సోకల్, బ్రిక్‌మాంట్ అనే ఇద్దరు ఫిజిక్స్ ప్రొఫెసర్లు 1997లో గట్టిగా విమర్శించారు, అదీ చదవాల్సిందే. ఆ గణిత చిహ్నాల దగ్గర ఇరుక్కుంటే మొహమాటం లేకుండా దాటేయండి.

కండె మాట వచ్చేది ఆ 1964 సెమినార్ పుస్తకం ఐదో అధ్యాయంలో. అక్కడే, 'నాన్నా, నేను కాలిపోతున్నాను, కనపడట్లేదా' అని చనిపోయిన కొడుకు తండ్రిని అడిగే కల కూడా ఉంది. అది ఫ్రాయిడ్ కలల పుస్తకంలో ఏడో అధ్యాయం మొదట్లోది, కాబట్టి ముందు ఆ పేజీలు చదువుకునే వెళ్ళండి.