కుంటుతున్న గుర్రానికి ఏ లాడం వేయించాలి? ఎగ్ బార్, వెడ్జ్, హార్ట్ బార్, గ్లూ ఆన్ రివ్యూ

హాయ్ అండీ అందరికీ. ఇవాళ టేబుల్ మీద పెట్టినవన్నీ లాడాలే, కాకపోతే మామూలువి కాదు, కాలు నొప్పున్న గుర్రాలకి వేసేవి. మన హైదరాబాద్ రైడింగ్ స్కూళ్ళలో రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్లు చాలా ఉంటాయి కదా, వాటిల్లో చాలా వాటికి ముందు గిట్టలు ముందుకి సాగిపోయి మడమ వాలిపోయి ఉంటుంది, ఈ వీడియో ముఖ్యంగా వాటిని చూసుకునేవాళ్ళ కోసం.

ముందు ఏ కాలో పట్టుకోండి. ముందు కాలు కుంటుతుంటే ట్రాట్‌లో, అంటే చిన్న పరుగులో, నొప్పి కాలు నేల మీద పడగానే తల పైకి లేస్తుంది, మంచి కాలు పడ్డప్పుడు దిగుతుంది. తర్వాత డాక్టర్‌తో నర్వ్ బ్లాక్ (కాలిలో ఒక్కో చోట మత్తు ఇచ్చి నొప్పి ఎక్కడో కనిపెట్టడం), ఎక్స్‌రే చేయించి ఆ ఎక్స్‌రే లాడాలు కొట్టే నాల్‌బంద్‌కి కూడా చూపించండి, దయచేసి ఇది మాత్రం వదిలేయకండి.

ఇదిగో ఎగ్ బార్, వెనక కలిసిపోయి గుడ్డు షేపులో ఉంటుంది. నావిక్యులర్, అంటే గిట్ట లోపల వెనకవైపు ఉండే చిన్న ఎముక దగ్గర నొప్పి, అనగానే అందరూ ఇదే వేయించేస్తారు. మడమకి వెనకాల ఆసరా దొరుకుతుంది, మెత్తటి నేలలో మడమ దిగిపోదు, అంతవరకు బాగుంది. కానీ 1999లో వచ్చిన ఒక స్టడీలో నావిక్యులర్ ఎముక మీద పడే బలం కొలిస్తే ఎగ్ బార్‌తో తగ్గలేదు, 6 డిగ్రీల వెడ్జ్‌తో మాత్రం 24 శాతం తగ్గింది, అవి కుంటని గుర్రాలే అనుకోండి, అయినా అది చూశాక నేనైతే వెడ్జ్ వైపే మొగ్గుతాను. ఎగ్ బార్‌తో ఇంకో తలనొప్పి, వెనక కాలు దాన్ని తొక్కి పీకేస్తుంది, బెల్ బూట్లు (గిట్ట చుట్టూ వేసే తొడుగులు) లేకుండా బయటకి వదలొద్దు.

వెడ్జ్ అంటే మడమ కింద ఎత్తు పెట్టడం. దాంతో కాలి వెనకవైపు ఉండే పెద్ద టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ) మీద లాగుడు తగ్గుతుంది, గుర్రం త్వరగా హాయిగా నడుస్తుంది, అక్కడే మనం ఆశపడి నెలల తరబడి ఉంచేస్తాం, అప్పటికే వాలిన మడమ ఇంకా నలిగిపోతుంది. అందుకే 2, 3 డిగ్రీలతో మొదలుపెట్టి, ముందుకి సాగిన టోని, అంటే గిట్ట ముందు కొసని, ట్రిమ్ చేయించి, మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ట్రిమ్ సరిగ్గా లేకపోతే దాని మీద ఎంత ఖరీదైన లాడం కొట్టినా దండగే.

హార్ట్ బార్ వేరే కథ. గిట్ట అడుగున మధ్యలో ఉండే ఫ్రాగ్ మీద బరువు తీసుకుంటుంది, లామినైటిస్‌లో, అంటే గిట్ట లోపలి పొరలు వాచినప్పుడు, పనికొస్తుంది, కానీ ఆ నొక్కుడు కాస్త ఎక్కువైతే నొప్పి ఇంకా పెరుగుతుంది, కాబట్టి ఎక్స్‌రే చూసి వేసే చెయ్యి ఉంటేనే. గుర్రం ముందు కాళ్ళు చాపి వెనక్కి వాలి నిలబడి, గిట్టలు వేడిగా ఉంటే లాడం గురించి ఆలోచించే టైమ్ కాదు అది, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేసి, గిట్టలకి ఐస్ పెట్టి, మెత్తగా పరుపు వేయండి, నడిపించకండి.

గ్లూ ఆన్, అంటే మేకులు లేకుండా జిగురుతో అంటించే లాడం, నాకు బాగా నచ్చింది. బయటి గోడ పలచబడి మేకు పట్టని గిట్టలకి, మేకు దెబ్బకే వణికే గుర్రాలకి ఇది వరం. కాకపోతే అంటించేటప్పుడు గిట్ట పూర్తిగా పొడిగా ఉండాలి, వర్షాకాలంలో అదే కష్టం.

ఏది వేయించినా 4 నుంచి 6 వారాల్లో మళ్ళీ చేయించాల్సిందే, గిట్ట నెలకి 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, పెరిగేకొద్దీ లాడం మడమని వదిలేసి ముందుకి జరుగుతుంది. వేయించే ముందు, వేయించాక, అదే గట్టి నేల మీద అదే ట్రాట్ ఫోన్‌లో తీసి పెట్టుకోండి, ఈసారి డాక్టర్ వచ్చినప్పుడు ఆ రెండూ పక్కపక్కన చూపించండి.