నడుముకు కట్టిన తువాలు

శ్రోతలందరికీ వందనాలు.

యోహాను సువార్త 13వ అధ్యాయంలో పేతురు అన్న ఒక మాట చాలాకాలం నాకు వినయంగానే వినిపించింది. యేసు భోజనం దగ్గర నుంచి లేచి, పైవస్త్రం తీసిపెట్టి, తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల పాదాలు కడుగుతున్నాడు. పేతురు వంతు వచ్చింది. "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు. గురువంటే గౌరవం ఉన్నవాడు అనే మాటే కదా! యేసు మాత్రం మెచ్చుకోలేదు. "నేను నిన్ను కడుగనియెడల నాతో నీకు పాలు లేదు" అన్నాడు, అంటే నాతో నీకు భాగం లేదని.

ఆ జవాబు ఎందుకంత కటువుగా ఉందో మోకాలి ఆపరేషన్ అయ్యాక గాని నాకు తెలియలేదు. వంగలేని రోజులవి. ఏదో చిన్న విషయానికి నేను నలుగురిలో కసురుకున్న కుర్రవాడు ఒకడు సంఘం నుంచి చూడటానికి వచ్చాడు. మేజోడు తొడుక్కోలేక అవస్థ పడుతుంటే, నేలమీద కూర్చుని నా కాలు ఒళ్లోకి తీసుకున్నాడు. "వద్దు బాబూ, నేను వేసుకుంటాలే" అన్నాను. పైకి మొహమాటం, లోపల, ఇతని చేత చేయించుకోవడమా అన్న ఉక్రోషం. అతనేమీ అనలేదు. మడమ దగ్గర ముడత సరిచేసి రెండో కాలు అందుకున్నాడు.

సేవ చేయడం కష్టమే గాని, చేసేవాడిది ఎంతైనా పైచేయి. చేయించుకునేవాడికి అదీ ఉండదు. ప్రసంగం బాగుందని ఎవరైనా అంటే "అంతా దేవుని కృపే" అంటాను. అని, ఇంకోసారి అంటారేమోనని ఒక చెవి అటే వేసి ఉంచుతాను! ఆ పాటి వినయం పేతురుకూ ఉంది. లేనిదల్లా ఖాళీ చేయి చాపడం. విశ్వాసమన్నా అంతే కదా. అందుకే వినయాన్నీ విశ్వాసాన్నీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

ఆ రాత్రే పేతురు, అందరూ విడిచినా తాను విడువనన్నాడు. కోడి కూసేలోగా, చలిమంట దగ్గర, పట్టుబడిన యేసు ఎవరో తెలియదని మూడుసార్లు అన్నాడు. అలా పడిపోతాడని ముందే ఎరిగిన యేసు అతనితో చెప్పిన మాట లూకా 22లో ఉంది: "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని." ధైర్యం పోయింది, ఇచ్చిన మాట పోయింది. నమ్మిక మిగిలింది, అదీ ఇంకొకరి ప్రార్థన వల్ల.

యేసు తిరిగి లేచిన తర్వాత, తిబెరియ సముద్రం ఒడ్డున మళ్లీ నిప్పులు. ఆ రెండుచోట్లా యోహాను గ్రీకులో బొగ్గుల మంటకు ఒకే పదం వాడాడు. "వీరికంటె నీవు నన్ను ఎక్కువగా ప్రేమించుచున్నావా?" అని పేతురుకు యేసు ప్రశ్న. పేతురు ఈసారి "వీరికంటె" జోలికే పోలేదు. ప్రేమిస్తున్నానని నీకే తెలుసు ప్రభువా, అన్నాడు.

అంతటితో మారిపోయాడా? లేదు. అంతియొకయ పట్టణంలో అన్యజనులతో, అంటే యూదులు కానివారితో, కలిసి భోంచేస్తూ, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు. తోటి అపొస్తలుడు పౌలు అందరి ఎదుటా నిలదీశాడు, గలతీయులకు రాసిన పత్రికలో అది రాసిపెట్టాడు కూడా. అది సంఘాల్లో చదువుతుంటే పేతురుకు ఎలా ఉండేదో! అయినా పేతురు రెండో పత్రిక చివర "మన ప్రియ సహోదరుడైన పౌలు" అని కనిపిస్తుంది. నాకైతే పేతురు నీళ్లమీద నడిచిన సంగతికన్నా ఇదే పెద్దదనిపిస్తుంది.

మొదటి పత్రిక 5వ అధ్యాయంలో "దీనమనస్సు అను వస్త్రము ధరించుకొని" అంటాడు. అక్కడి గ్రీకు క్రియలో ముడివేసి కట్టుకోవడమన్న భావం ఉంది. దాసులు పనిలో కట్టుకునే గుడ్డ పేరూ ఆ మాటకు చుట్టమే. రాసేటప్పుడు ఆ రాత్రి తువాలు మనసులో మెదిలిందో లేదో అతను చెప్పలేదు. మెదిలే ఉంటుందని నా ఊహ.

నాకు కర్ర లేకుండా నడవడానికి రెండు నెలలు పట్టింది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, ఎవరి ముందైతే కసురుకున్నానో వాళ్లందరి ముందే ఆ కుర్రవాడిని క్షమాపణ అడిగాను. గొంతు సరిగా పెగల్లేదు. అతను నా కాళ్లవైపు చూసి, "మోకాలు ఇప్పుడెలా ఉందండీ?" అన్నాడు.