ఎప్పటివే, ఒక నాలుగు

(ప్రపంచ మానసిక ఆరోగ్య దినం, అక్టోబరు 10న కామారెడ్డిలో పింఛనుదారుల సమావేశంలో ఒక మందుల దుకాణదారు చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, డాక్టరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, కుర్చీలు చాలక గోడకు ఆనుకుని నిలబడ్డ తల్లులకు నమస్కారం. ఆలస్యంగా వచ్చినందుకు మన్నించాలి. వేదిక మీది పేర్లన్నీ చదవమని నాకొక కాగితం ఇచ్చారు. పద్దెనిమిది పేర్లున్నాయి, నాకిచ్చిన సమయం పది నిమిషాలు. కాగితాన్ని జేబులో పెట్టుకుంటున్నాను, ఎవరూ మరోలా అనుకోవద్దు.

ఆందోళన జబ్బులకు మందులేమిటి, మాటల చికిత్స ఏమిటి అన్నది నాకిచ్చిన అంశం. న్యాయంగా అయితే డాక్టరు గారు చెప్పాలి, నేను మీ మధ్య కూర్చుని వినాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా కౌంటరు వెనక నిలబడి చీటీ చదివి మందు ఇచ్చేవాణ్ని. చీటీ లేకుండా ఇచ్చిన మందు గురించి చెప్పుకోవడానికే ఈరోజు మైకు పట్టుకున్నాను.

ఈ జబ్బును మన వైపు బుగులు అంటారు. కానీ నా షాపుకు వచ్చి బుగులుకు మందివ్వమని అడిగినవాళ్లు లేరు. గుండె దడదడలాడుతోందంటారు, గ్యాస్ పైకి తంతోందంటారు, చేతులు తిమ్మిరెక్కాయంటారు. ముందు గ్యాస్ మాత్ర, తర్వాత ఈసీజీ, 2డీ ఎకో, థైరాయిడ్ పరీక్ష. పరీక్షలు వద్దనను, గుండెనూ థైరాయిడ్‌నూ చూపించుకోవాల్సిందే. అన్నీ బాగున్నాయని తేలాక ఒక మాట వినిపిస్తుంది: "నీకేమీ లేదు, ధైర్యంగా ఉండు." ఈ మాట మీద నాకు పాత కోపం ఉంది. పది నిమిషాల్లో చచ్చిపోతానని చెమటలు కక్కిన మనిషికి ఏమీ లేకపోవడమేమిటి? జ్వరం వచ్చినవాడితో చల్లగా ఉండమని ఎవరైనా అంటారా?

మా షాపుకు ఒక సారు వచ్చేవారు. ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పేవారు. పేరు చెప్పవద్దన్నారు, కథ మాత్రం చెప్పుకోమన్నారు. 2005లో హైదరాబాదు వెళ్తుంటే తూప్రాన్ దాటాక బస్సులో ఆయనకు ఊపిరాడలేదు. గుండె ఆగిపోతోందనుకుని బస్సు ఆపించి రోడ్డు పక్కన కూలబడ్డారు. ఆసుపత్రిలో గుండెకు ఢోకా లేదని చెప్పి, వారం రోజులకు అల్ప్రాజోలామ్ అనే కంగారు తగ్గించే మాత్ర రాశారు. అర మిల్లీగ్రాము, రాత్రికి ఒకటి. ఆ చీటీ మీద మందు ఇచ్చింది నేనే.

వారం గడిచాక సారు చీటీ లేకుండా వచ్చారు. జేబురుమాలు మడత విప్పి ఖాళీ స్ట్రిప్పు ముక్క చూపించారు. "తమ్ముడూ, ఇవే ఒక నాలుగు ఇవ్వు." కత్తెరతో నాలుగు కత్తిరించి చిన్న కాగితపు కవరులో వేసి ఇచ్చాను. తర్వాత స్ట్రిప్పు ముక్క చూపించడం కూడా మానేశారు. "ఎప్పటివే" అంటే నా చెయ్యి దానంతటదే అలమర వైపు వెళ్లేది. పదకొండేళ్లు, రాత్రికి ఒకటి కాస్తా మూడయ్యేదాకా. 2014లో షెడ్యూల్ హెచ్1 అని కొత్త నిబంధన వచ్చింది. అల్ప్రాజోలామ్, డయజెపామ్ వంటివి అమ్మితే రోగి పేరు, రాసిన డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చామన్నది వేరే రిజిస్టరులో ఎక్కించాలి, మూడేళ్లు దాచాలి. రిజిస్టరు కొన్నాను, అట్ట కూడా వేయించాను. సారు పేరు మాత్రం అందులో ఎక్కలేదు.

ఇక్కడ 2015 సంగతి చెప్పాలి. అప్పుడు మనమింకా నిజామాబాద్ జిల్లాలోనే ఉన్నాం. కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి, కల్లు దుకాణాలు మూతపడ్డాయి. రెండు మూడు రోజుల్లో పల్లెల నుంచి మనుషులను ఆటోల్లో వేసుకొచ్చారు. చేతులు వణకడం, ఫిట్స్, లేని మనుషులతో మాట్లాడటం. నిజామాబాద్ ఆసుపత్రి, ఎర్రగడ్డ ఆసుపత్రి వాళ్లతో నిండాయి. కల్లు చాలక వచ్చిన అవస్థ కాదది. అందులో కలిపిన అల్ప్రాజోలామ్, డయజెపామ్ ఒక్కసారిగా అందక వచ్చింది. పేపరు చదువుతూ 'పాపం, కల్లు తాగేవాళ్ల కర్మ' అనుకున్నాను. అదే మందు నా వీపు వెనక అలమరలో మూడో అరలో ఉంది. అయినా నా బుర్రకు తట్టలేదు.

2016 మే నెల. మా అమ్మాయి పెళ్లి కరీంనగర్‌లో. షాపు అయిదు రోజులు మూసేశాను. సారు ఇంకో షాపుకు వెళ్లలేదు, ఎందుకంటే ఆ షాపు నడిపేవాడు ఆయన శిష్యుడు. లెక్కల సారు నిద్ర మాత్రలు అడిగారని ఊరంతా తెలుస్తుందని సిగ్గు. రెండు రాత్రులు రెప్ప వాల్చలేదు. మూడో రోజు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి స్నానాల గది గడప మీద పడిపోయారు. ఏం మందు వాడుతున్నారని ఆసుపత్రిలో అడిగితే ఆయన భార్యకు తెలియదు. చొక్కా జేబులో కవరు దొరికింది. దాని మీద మందు పేరు లేదు, నా షాపు పేరుంది. ఫోను వచ్చినప్పుడు కరీంనగర్‌లో అప్పగింతలు జరుగుతున్నాయి. నేను ఏడుస్తుంటే అమ్మాయి కోసమనుకున్నారంతా.

చీటీ వచ్చింది, మూడు నిమిషాలే ఉందట. అధ్యక్షుల వారూ, అసలు విషయం ఇప్పుడే మొదలవుతోంది, ఇంకొంచెం దయ చూపించండి.

మందుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి వెంటనే పనిచేసేది. కాంపోజ్ పేరు ఇక్కడి పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అది డయజెపామ్, 1963లో అమెరికాలో వేలియం పేరుతో వచ్చిన మందు. దాని చెల్లెళ్లే అల్ప్రాజోలామ్, క్లోనాజెపామ్, లోరాజెపామ్. గంటలోపే దడ తగ్గిస్తాయి. అందుకే మనకు నచ్చుతాయి, అందుకే చిక్కు. కొన్ని వారాల్లోనే శరీరం అలవాటు పడుతుంది. డాక్టర్లు రెండు నుంచి నాలుగు వారాలకు, అవసరాన్ని బట్టి ఇచ్చే మందు ఇది. మద్యంతో కలిస్తే ప్రాణం మీదికి వస్తుంది. వయసు మళ్లినవాళ్లు రాత్రి లేచినప్పుడు తూలిపడి తుంటి విరగ్గొట్టుకుంటారు. ఈ హాల్లో ఎన్ని చేతిసంచుల్లో ఈ మాత్రలున్నాయో చేతులెత్తి చూపమని అడగను. ఒక్కటి మాత్రం బతిమాలుతున్నాను: నా మాట విని ఈ రాత్రి నుంచి మానేయకండి. నెలల తరబడి వాడినవాళ్లు ఒక్కసారిగా ఆపితే సారుకు జరిగిందే జరగవచ్చు. డాక్టరు చేతిలో పెట్టి, మెల్లగా దించుకోవాలి. సారుకు మానసిక వైద్యులు అల్ప్రాజోలామ్ బదులు ఒంట్లో ఎక్కువసేపు నిలిచే డయజెపామ్ ఇచ్చి, కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చారు. పది నెలలు పట్టింది.

రెండో జాతి అసలు చికిత్స. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ వంటివి, వెన్లాఫాక్సిన్, డులోక్సెటిన్ వంటివి. వీటిని వేసుకున్న రోజున ఏమీ తెలియదు. ఫలితం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు. పైగా మొదటి వారం పది రోజులు వికారం, తలనొప్పి, కొందరికి ఉన్న కంగారే ఇంకాస్త పెరగడం. అందుకే చిన్న మోతాదుతో మొదలుపెడతారు. ఇది ముందుగా చెప్పకపోతే ఏమవుతుందో నా కౌంటరు దగ్గర చూస్తూనే ఉన్నాను. పదో రోజున వచ్చి "ఈ మందు నాకు పడలేదు, ఆ పాతదే ఇవ్వు" అంటారు. ఫోనులో వెతికి "ఇది డిప్రెషన్ మందట, నాకు డిప్రెషన్ లేదు కదా" అని స్ట్రిప్పు తిరిగిచ్చేవాళ్లు ఇంకొందరు. పేరు అదే, కానీ ఆందోళనకు కూడా మొదట రాసేది ఇవే. మత్తుమందులు కావు, మోతాదు పెంచుకుంటూ పోవాలన్న యావ పుట్టించవు. కొందరికి దాంపత్య జీవితంలో ఇబ్బంది వస్తుంది, సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పాలి. చిన్న వయసువాళ్లకు మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవాళ్లు కనిపెట్టుకుని ఉండాలి. నెమ్మదించాక కూడా కనీసం ఆరు నెలలు, చాలామందికి ఏడాది వరకు కొనసాగిస్తారు. వీటిని కూడా మెల్లగానే ఆపాలి.

సభా భయానికి ప్రొప్రానొలాల్ అని మరొకటుంది, చేతుల వణుకూ దడా తగ్గిస్తుంది. ఈ మైకు ముందుకు రావడానికి ఒకటి వేసుకుందామా అనుకున్నాను. నాకు ఉబ్బసం ఉంది, ఉబ్బసం ఉన్నవాళ్లు అది వేసుకోకూడదు. అందుకే మీకు నా కాగితం వణకడం కనిపిస్తోంది.

ఇక మాటల చికిత్స. కౌన్సెలింగ్ అంటే పెద్దమనుషులు కూర్చోబెట్టి బుద్ధులు చెప్పడమని నేనూ అనుకున్నాను. సారును హైదరాబాదులో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపారు. మొదటిసారి తోడు వెళ్లింది నేనే, ఆయన కొడుకు కారులో. ధైర్యం చెబుతారనుకుంటే ఆవిడ సారును తిరిగే కుర్చీలో కూర్చోబెట్టి గిరగిరా తిప్పారు! తర్వాత సన్నని గొట్టంతో ఒక నిమిషం ఊపిరి పీల్పించారు. మెట్లు ఎక్కించి దింపారు. సారుకు కళ్లు తిరిగాయి, దడ వచ్చింది. "ఇప్పుడేం జరుగుతుందనుకుంటున్నారు?" అని అడిగారు. "గుండె ఆగుతుంది" అన్నారు సారు. "చూద్దాం" అని ఆవిడ పక్కనే కూర్చున్నారు. గుండె ఆగలేదు, దడే ఆగింది.

దీని వెనక ఒక లెక్కుంది. 1986లో డేవిడ్ క్లార్క్ అనే ఇంగ్లండు మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని స్పష్టంగా రాశారు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. అది గుండెపోటని మనసు అర్థం చెప్పుకుంటుంది. ఆ భయానికి గుండె మరింత వేగమెత్తుతుంది. ఈ చక్రాన్ని కోయడమే సీబీటీ అనే పద్ధతి, అంటే ఆలోచననూ నడవడికనూ కలిపి సరిచేయడం. సాధారణంగా పన్నెండు నుంచి పదహారు సార్లు కూర్చోవాలి, ఇంటి దగ్గర చేయాల్సిన పని వేరే. మందుతో సమానంగా పనిచేస్తుంది. మందు ఆపితే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఇక్కడ నేర్చుకున్నది చాలామందికి మిగిలిపోతుంది.

సారు ఇంటిపని బస్సు. మొదటి వారం భిక్కనూరు దాకా వెళ్లి రావడం. తర్వాత రామాయంపేట. తర్వాత తూప్రాన్, అక్కడే ఆయనకు మొదటిసారి వచ్చింది కనుక తూప్రాన్‌కు నాలుగుసార్లు వెళ్లారు. తర్వాత మేడ్చల్. ప్రతి ప్రయాణంలో భయానికి నూటికి ఇన్ని మార్కులని అయిదు నిమిషాలకోసారి రాసుకోవాలి. లెక్కల సారు కదా, గ్రాఫు కాగితం మీద గీశారు. నాకు చూపించారు. గీత తొంభైకి ఎక్కింది, కాసేపు అక్కడే ఉంది, ఇరవై నిమిషాలకు దానంతటదే దిగింది. మాత్ర వేసుకోలేదు, బస్సు దిగలేదు.

అన్నిటికంటే కష్టమైంది ఆఖరి పని: జేబులోని స్ట్రిప్పును ఇంట్లో వదిలి వెళ్లడం. వేసుకోకపోయినా 'ఉంది కదా' అనే ధైర్యం కోసం మోసేవారు. దాన్ని నా కౌంటరు మీద పెట్టి వెళ్లారు. ఇదిగో, ఇదే. వేళ్లతో తడిమి తడిమి రేకు మీద అక్షరాలన్నీ అరిగిపోయాయి. మందు పేరు కనిపించదు, గడువు తేదీ కనిపించదు. మధ్యాహ్నం రెండింటికి జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి ఫోను చేశారు, "చాయ్ తాగుతున్నాను" అని.

ఇది అందరికీ దొరకదన్నదే నా బాధ. హైదరాబాదుకు ఛార్జీలు, ఫీజు, ఒక రోజు కూలి పోవడం, ఎంతమంది భరిస్తారు? మాత్ర చౌక, మనిషితో గంట మాట్లాడటం ఖరీదు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల్ని అడుగుతున్నాం, మంచిదే. సైకాలజిస్టును కూడా అడగండి, ఈ సంఘం తరఫున వినతిపత్రం రాస్తే మొదటి సంతకం నాది. ప్రైవేటులో వెళ్లేవాళ్లు ఆ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉన్నదీ లేనిదీ అడగండి, అడిగితే తప్పులేదు. 2022లో మొదలైన టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ ఉంది, నంబరు 14416. రాత్రి పగలు పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఇంటి గోడ మీద రాసి పెట్టుకోండి.

అయిపోయింది, మళ్లీ చీటీ పంపకండి. ఆలస్యమెందుకైందో చెప్పి దిగిపోతాను. నిన్న రాత్రి షట్టరు దించుతుంటే ఒకాయన వచ్చి రుమాలు విప్పారు. ఖాళీ స్ట్రిప్పు ముక్క. వేరే షాపు మూసేశారట. ఎన్నాళ్లుగా అని అడిగాను. ఆరేళ్లన్నారు. ఇస్తే ఏమవుతుందో నాకు తెలుసు, ఇవ్వకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. స్టూలు వేసి కూర్చోబెట్టి, ఈ వేదిక మీదున్న డాక్టరు గారికే ఫోను చేశాను. ఒక్కసారిగా ఆపనివ్వవద్దు, పొద్దున్నే తీసుకురమ్మన్నారు. పొద్దున నా స్కూటరు మీదే తీసుకెళ్లాను. ఓపీ వరుసలో మా ముందు పదహారు మందున్నారు.