మ్యూనిక్‌లో ఇంటర్న్‌షిప్ ఎలా ఉంది? తొలి వారాల రివ్యూ

నమస్తే అండీ అందరికీ! ఈసారి ఫోనూ కాదు, ల్యాప్‌టాపూ కాదు. ఒక ఊరినీ, ఆ ఊళ్లో నేను చేస్తున్న ఇంటర్న్‌షిప్‌నీ కలిపి రివ్యూ చేస్తున్నా. ఊరు జర్మనీలోని మ్యూనిక్. వచ్చి ఎంతో కాలం కాలేదు కాబట్టి ఇవి తొలి అభిప్రాయాలే, వెళ్లేలోపు కొన్ని మారొచ్చు. ఎవరూ స్పాన్సర్ చేయలేదు, కాబట్టి ఎవర్నీ పొగడాల్సిన అవసరం కూడా లేదు.

తొందరలో ఉన్నవాళ్ల కోసం తీర్పు ముందే చెప్పేస్తా. ఇక్కడి ఇంటర్న్‌షిప్‌లో నాకు బాగా నచ్చింది ల్యాబూ కాదు, స్టైపెండూ కాదు. పనయ్యాక మిగిలే సాయంత్రం! ఎందుకో చెప్తా.

ముందు ల్యాబ్ సంగతి. మాది మ్యూనిక్ పక్కనే ఉన్న గార్చింగ్ అనే చిన్న ఊళ్లో, పరిశోధనా క్యాంపస్ దగ్గర. యూ6 మెట్రో ఎక్కి ఊరి మధ్య నుంచి ఉత్తరానికి వెళ్తే చివరి స్టేషన్ అదే, పొద్దున పూట బ్యాక్‌ప్యాకులే దిగుతాయి. జర్మనీ తొలి పరిశోధనా అణు రియాక్టర్ 1957లో మొదలైంది ఇక్కడే. గుడ్డు ఆకారంలో ఉండే దాని గోపురం గార్చింగ్ ఊరి అధికారిక చిహ్నంలో కూడా ఉంటుంది. టెక్నికల్ యూనివర్సిటీ వాళ్ల గణితం, కంప్యూటర్ సైన్స్ భవనంలో పై అంతస్తు నుంచి కిందికి రెండు జారుడు బల్లలు పెట్టారు, పారాబోలా ఆకారంలో. పిల్లలకి కాదండోయ్, మనకే. జారాను. వీడియో ఉంది, పెట్టను.

తొలి రోజుల్లో పని అంటూ పెద్దగా ఏమీ ఉండదు, ఆ మాట ఎవరూ ముందు చెప్పరు. సేఫ్టీ క్లాసు విను, సంతకం పెట్టు. తాళంచెవి తీసుకో, సంతకం పెట్టు. కంప్యూటర్ అకౌంట్ వచ్చేదాకా రీసెర్చ్ పేపర్లు చదువుకో. ఉత్సాహం కాస్త నీరుగారిపోతుంది. కానీ ఒకసారి పని మొదలయ్యాక మాత్రం తేడా తెలుస్తుంది. వారానికోసారి గ్రూప్ మీటింగ్ ఉంటుంది. అందులో "గ్రాఫ్ ఇలా వచ్చింది" అంటే సరిపోదు. "ఎందుకు వచ్చింది? ఇంకెలా చూసుకున్నావు?" అని అడుగుతారు. గొంతు పెంచరు, వెటకారం ఉండదు, సమాధానం దొరికేదాకా వదలరు. పొగడ్తలు కూడా ఆశించకండి. ఏమీ అనకుండా తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయారంటే బాగుందనే అర్థం.

ఒక చిన్న విషయం చెప్పాలి. మా కాఫీ మెషీన్ పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది. ఎడమ పక్క పేర్లు, కుడి పక్క ఖాళీ గళ్లు. కప్పు తాగితే మీ పేరు ఎదురుగా పెన్సిల్‌తో ఒక గీత. నెలాఖరుకి గీతలు లెక్కపెట్టి డబ్బులిచ్చేయాలి. చూసేవాళ్లు ఎవరూ ఉండరు, కెమెరా లేదు. ప్రొఫెసర్ పేరు కూడా ఆ వరసలోనే ఉంది, ఆయన గీతలే ఎక్కువ.

మెట్రో కూడా అంతే. స్టేషన్లో గేట్లు ఉండవు, నేరుగా ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్లిపోవచ్చు. అలాగని టికెట్ లేకుండా ఎక్కారో, మామూలు బట్టల్లో వచ్చే చెకర్ పట్టుకుంటే 60 యూరోలు. బతిమాలినా పని జరగదు.

ఇక సాయంత్రం. ఐదూ ఆరు మధ్య ల్యాబ్ ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత మెసేజీలు రావు, "ఆ డేటా ఒకసారి పంపవా" అనేవాళ్లు ఉండరు. ప్రమాదం ఉన్న ప్రయోగాలు ఒంటరిగా చేయకూడదన్న రూలు వల్ల మీరే ఉండిపోదామనుకున్నా కుదరదు. పైగా జూన్‌లో సూర్యుడు అస్తమించేసరికి తొమ్మిది దాటుతుంది. అంటే పనయ్యాక మూడు గంటలకు పైగా వెలుతురు మీ చేతుల్లో ఉంటుంది. ఈసార్ నది ఒడ్డున గులకరాళ్ల మీద కాళ్లు నీళ్లలో పెట్టి కూర్చోండి, ఖర్చు సున్నా. నేను చూసిన వాటిలో దీనికే పదికి పది.

తాగిన సీసా చెత్తబుట్టలో వేయకండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసా మీద 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, సూపర్‌మార్కెట్‌లోని మెషీన్‌లో వేస్తే స్లిప్ ఇస్తుంది, బిల్లులో తగ్గించుకుంటారు. మోసుకెళ్లే ఓపిక లేకపోతే బుట్ట పక్కన నిలబెట్టి వదిలేయండి. వాటిని ఏరుకునేవాళ్లు చెత్తలో చెయ్యి పెట్టకుండా తీసుకుంటారు.

తిరగడానికి డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ తీసుకోండి. 2023 మేలో 49 యూరోలతో మొదలైంది, 2025లో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. నెలంతా దేశమంతటా లోకల్, రీజనల్ రైళ్లు ఎన్నైనా ఎక్కొచ్చు. ఐసీఈ లాంటి స్పీడు రైళ్లకి చెల్లదు. ఇది సబ్‌స్క్రిప్షన్. ఆపాలనుకున్న నెలలో 10వ తేదీలోపే రద్దు చేయాలి, లేదంటే వచ్చే నెల డబ్బులు కూడా కట్ అవుతాయి. ఇదే టికెట్‌తో సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ మెయిన్ స్టేషన్ దాకా వెళ్లొచ్చు. పాస్‌పోర్ట్ మాత్రం జేబులో ఉండాలి, తిరిగొచ్చేటప్పుడు రైల్లో పోలీసులు అడుగుతారు.

అందరూ అడిగేది నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట గురించి. రెండో లుడ్విగ్ రాజు 1869లో మొదలుపెట్టాడు, 1886లో ఆయన చనిపోయేనాటికి కూడా పూర్తి కాలేదు. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్‌కి రైల్లో రెండు గంటలు, అక్కణ్నుంచి బస్సు, ఆపైన కొండెక్కాలి. లోపలి టూర్ అరగంటలో అయిపోతుంది, ఫోటోలు తీయనివ్వరు, పూర్తికాని గదులే ఎక్కువ. నా మాట వినండి, లోపలికి టికెట్ దొరకలేదని బాధపడొద్దు. వెనక లోయ మీదుండే మారియెన్ వంతెన నుంచి కనిపించే దృశ్యమే అసలు సంగతి. మ్యూనిక్ నడిబొడ్డున ఉన్న మరియన్‌ప్లాట్జ్ చౌక్‌లో గడియారం బొమ్మలు తిరగడం? అటుగా వెళ్తుంటే చూడండి, పనిగట్టుకుని వద్దు.

పనిగట్టుకుని వెళ్లాల్సింది డాయిచెస్ మ్యూజియం అనే సైన్స్ మ్యూజియానికి. ఈసార్ నదిలోని దీవి మీద ఉంటుంది. విమానాలు, ఇంజిన్లు అందరూ చూపిస్తారు, నేను మాత్రం ఒక చెక్క బల్ల గురించి చెప్తా. 1938 చివర్లో బెర్లిన్‌లో యురేనియం పరమాణు కేంద్రకం చీలిందని కనిపెట్టిన పరికరాలు దాని మీద అమర్చి ఉంటాయి. బ్యాటరీలు, తీగలు, రేడియేషన్ లెక్కపెట్టే ఒక కౌంటర్, అంతే. మా ల్యాబ్ మూలన పడున్న పాత సామాను ఇంతకన్నా గొప్పగా ఉంటుంది! ఈ బల్ల దశాబ్దాల పాటు ఇక్కడ ఒక్క ఓటో హాన్ అనే రసాయన శాస్త్రవేత్త పేరుతోనే ఉండేది. ఆయనతో కలిసి ఆ పరిశోధన నడిపిన భౌతిక శాస్త్రవేత్త లీసే మైట్నర్ యూదు కుటుంబంలో పుట్టడంతో 1938 జూలైలోనే దేశం వదిలి పారిపోవాల్సొచ్చింది. ఆ ప్రయోగంలో ఏం జరిగిందో భౌతికశాస్త్రపరంగా వివరించింది ఆమె, ఆమె మేనల్లుడు ఓటో ఫ్రిష్. 1944 రసాయనశాస్త్ర నోబెల్ మాత్రం హాన్ ఒక్కడికే. ల్యాబ్‌లో ఎవరి పేరు ఎక్కడ రాస్తారన్నది చిన్న విషయం అనుకునేవాళ్లు ఈ బల్ల ముందు ఓ ఐదు నిమిషాలు నిలబడాలి.

డాకావ్‌కి కూడా వెళ్లండి. ఎస్2 రైలు, తర్వాత 726 బస్సు, ప్రవేశం ఉచితం. నాజీలు 1933 మార్చిలో తెరిచిన నిర్బంధ శిబిరం, 1945 ఏప్రిల్ 29న అమెరికా సైన్యం విడిపించేదాకా నడిచింది. రెండు లక్షల మందికి పైగా ఖైదీలు, చనిపోయినవాళ్లు 41 వేలకు పైనే. దీనికి రేటింగ్ ఇవ్వను. ఆ రోజు ఇంకే ప్లానూ పెట్టుకోకండి.

ఆదివారం దుకాణాలన్నీ మూతే, సరుకులు శనివారమే తెచ్చుకోవాలి. దానికి బదులు ఆల్టె పినకోటెక్ అనే చిత్రకళా మ్యూజియంలో ఆదివారం టికెట్ ఒక్క యూరో. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1500లో గీసుకున్న తన బొమ్మ అక్కడే ఉంది. మనం ఎటు జరిగినా మన వంకే చూస్తుంటాడు మహానుభావుడు.

చివరిగా గది గురించి, ఈ ఊరికి అసలు మైనస్ ఇదే. అద్దెలు జర్మనీలోకెల్లా ఎక్కువ, దొరకడమూ కష్టమే. గది చూడకుండా, కనీసం వీడియో కాల్‌లోనైనా చూపించకుండా డబ్బులు పంపమంటే అది మోసమే అనుకోండి. సమ్మర్ సెమిస్టర్ క్లాసులు జూలైలో అయిపోతాయి. అప్పుడు విద్యార్థులు ఊళ్లకి వెళ్తూ గదులు నెలా రెండు నెలలకి అద్దెకిస్తారు. అందుకని ఆగస్టు, సెప్టెంబరులో గది దొరకడం కాస్త సులువు. కాకపోతే ఆగస్టులో మీ గైడ్ కూడా సెలవు పెట్టే అవకాశముంది. ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడే "ఆ నెలల్లో నన్ను ఎవరు చూసుకుంటారు?" అని అడిగేయండి. ఇక్కడ ఇలా సూటిగా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.