మూడు లాంతర్ల దగ్గర పాలిష్ పెట్టె

సభకు నమస్కారం.

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర గోనెపట్టా పరిచి, ముందు చెక్కపెట్టె పెట్టుకొని, దాదాపు నలభై ఏళ్లుగా బూట్లకు పాలిష్ పెడుతున్న పెద్దాయనను ఎరగనివారు ఈ ఊళ్లో తక్కువ. ఆయన పేరు ఎరిగినవారు ఇంకా తక్కువ. మనందరికీ ఆయన పాలిష్ తాతే.

నేను ఉద్యోగంలో చేరిన రోజు నా నల్లబూట్లు ఆయన చేతికే ఇచ్చాను. లేసులు విప్పి, దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి, తోలు ఆరిన తరువాతే ఆయన డబ్బా మూత తీశారు. పల్చగా పాలిష్ పట్టించి పక్కన పెట్టి, తొందరపడుతున్న నాతో “ఉండండి బాబూ, మైనం పట్టాలి” అన్నారు. పాలిష్‌లోని ద్రావకం ఆవిరై మైనం తోలు మీద నిలిచాకే బ్రష్షుకు మెరుపు వస్తుందని నేను ఎప్పటికో చదివి తెలుసుకున్నాను. బడి ముఖం చూడని ఆయనకు ఆ సంగతి వేళ్లకే తెలుసు.

1838లో, ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన లూయీ డాగేర్ పారిస్‌లో ఒక వీధిని ఫోటో తీశాడు. పలక మీద బొమ్మ పడటానికి నిమిషాల కొద్దీ పట్టే కాలం కాబట్టి, కదిలిపోతున్న బండ్లు, జనం అందులో నిలవలేదు. పాలిష్ చేయించుకుంటూ నిలబడ్డ ఒక మనిషీ, అతని కాళ్ల దగ్గర వంగిన పనివాడూ మాత్రం మిగిలారు. ఫోటోకెక్కిన తొలి మనుషులుగా వారినే చెబుతారు. ఆ పనివాడి పేరూ ఎవరికీ తెలియదు. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు మన తాత వంగిన వీపే కనిపిస్తుంది.

గుడ్డబూట్లు, రెగ్జిన్ చెప్పులు వచ్చాక ఆయనకు బేరం తగ్గింది. ఇప్పుడు ఆరె, మైనపుదారం పట్టి తెగిన చెప్పులు కుట్టడమే ఎక్కువ. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు జనానికి దారి వదిలి పెట్టె ఎత్తుకుపోతారు. మర్నాడు తిరిగి వచ్చేసరికి ఆ చోటు ఖాళీగా ఉంటుందన్న భరోసా ఆయనకు ఏ ఏడూ లేదు.

ఆ భరోసా చట్టంలో ఉంది. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం సరుకు అమ్మేవారినే కాక, వీధిలో సేవలు అందించేవారిని కూడా వీధి వ్యాపారులుగానే గుర్తించింది; సర్వేలో నమోదైనవారికి ధ్రువపత్రం ఇవ్వాలని చెప్పింది. బండీ తక్కెడా లేని మనిషి లెక్కరాసేవారి కంటికి ఆనకపోవడం తేలిక. అందుకే తాతకు ధ్రువపత్రమూ, కూర్చున్న చోట కాస్త నీడా కోరుతూ అర్జీ రాశాం. తాత నిన్ననే వేలిముద్ర వేశారు. కాగితం ఆ బల్ల మీద ఉంది. వెళ్లే ముందు మీరు కూడా సంతకం చేయండి.