చేయి కలపలేదు, పౌరసత్వం ఇవ్వలేదు: ఫ్రాన్స్‌లో మతం, వలస, కలిసిపోవడం

[తెర మీద: ప్రభుత్వ కార్యాలయంలో ఒక హాలు, గోడకు ఫ్రెంచి జెండా, బల్ల మీద పేర్చిన ఫైళ్ళు]

2016 జూన్. ఫ్రాన్స్ ఆగ్నేయ భాగంలో ఈజేర్ జిల్లా. కొత్తగా పౌరులవుతున్నవాళ్ళకి స్వాగత సభ జరుగుతోంది. అల్జీరియాకు చెందిన ఒకామె, భర్త ఫ్రెంచి పౌరుడు, తన వంతు వచ్చి ముందుకెళ్ళింది. జిల్లా ఉన్నతాధికారి, స్థానిక ప్రజాప్రతినిధి అభినందించడానికి చేతులు చాచారు. తన మత నమ్మకం ఒప్పుకోదని ఆమె చేయి కలపలేదు.

అంతే, ఆమె ఫైలు ఆగిపోయింది. ప్రభుత్వం పౌరసత్వం ఇవ్వనంది. ఆమె కోర్టుకెళ్ళింది. 2018 ఏప్రిల్‌లో ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, దాన్ని కోన్సెయ్ దెతా అంటారు, ప్రభుత్వం చేసింది సరైనదేనని తేల్చింది.

మనకిది వింతగా ఉంటుంది. మన ఊళ్ళో ఆడవాళ్ళు రెండు చేతులూ జోడించి నమస్కారం పెడితే, చేయి కలపలేదేంటని ఎవరూ నొచ్చుకోరు. కానీ అక్కడ చేయి కలపడం అంటే "నేనూ మీలో ఒకదాన్ని" అని చెప్పడం. పైగా అది పౌరసత్వం ఇచ్చే సభ.

ఒక కుటుంబంలో కొత్తగా వచ్చిన కోడలి గురించి "పాలూ నీళ్ళలా కలిసిపోయింది" అంటాం కదా. అది మనకి మెచ్చుకోలు. ఫ్రెంచి పౌర చట్టంలో అది షరతు. పౌరసత్వం అడిగే మనిషి ఫ్రెంచి సమాజంలో కలిసిపోయినట్టు రుజువు చూపించాలని ఆ చట్టంలో రాసి ఉంది. భాష రావాలి, చరిత్ర తెలియాలి, విలువలు ఒప్పుకోవాలి. ఎంత కలిస్తే కలిసినట్టు? ఈ వీడియో మొత్తం ఆ ప్రశ్న గురించే.

[తెర మీద: 1789]

ఈ ఆలోచన ముస్లింల వలసతో మొదలవలేదు. 1789 డిసెంబరులో, విప్లవం వేడి మీద ఉండగా, యూదులకు సమాన హక్కులివ్వాలా వద్దా అని ఫ్రెంచి సభలో చర్చ జరిగింది. క్లెర్మాంట్ తొన్నేర్ అనే సభ్యుడు ఇవ్వాలన్నాడు, కానీ ఒక మెలిక పెట్టాడు. యూదులకు ఒక జాతిగా ఏమీ ఇవ్వకూడదు, వ్యక్తులుగా అన్నీ ఇవ్వాలి. ఆ కాలానికి అది చాలా ఉదారమైన మాట. దాని కింద ఉన్న బేరం కూడా చూడండి: నువ్వు నీ గుంపుని గుమ్మం బయట వదిలి ఒంటరిగా లోపలికి రా, తలుపు తెరుస్తాం.

ఇప్పటికీ ఫ్రాన్స్‌లో జనాభా లెక్కల్లో మతం అడగరు. చివరిసారి అడిగింది 1872లో. ప్రభుత్వం దృష్టిలో పౌరుడే ఉంటాడు, ముస్లిం పౌరుడు, క్రైస్తవ పౌరుడు అని ఉండరు. మన దగ్గర కుల ధ్రువీకరణ పత్రం, మైనారిటీ స్కాలర్‌షిప్ ఎంత మామూలో, వాళ్ళకి అది అంత నమ్మలేని విషయం.

[తెర మీద: నోత్ర్‌దామ్ చర్చి]

ఇక అసలు చట్టం దగ్గరికొద్దాం. 1905 డిసెంబరు 9. మతాన్నీ రాజ్యాన్నీ విడదీసిన చట్టం. వాళ్ళ మాటలో "లాయిసితే". దీన్ని మనం లౌకికవాదం అని అనువదించి ఊరుకుంటే తప్పులో కాలేస్తాం. మన రాష్ట్రాల్లో దేవాదాయ శాఖ ఉంది, గుడికి ఈవో ఉంటాడు, హుండీ లెక్కింపు అధికారుల ముందు జరుగుతుంది, ఇమాములకు ప్రభుత్వం గౌరవ వేతనం ఇస్తుంది. అన్ని మతాలకీ కాస్త దగ్గరగా ఉండడం మన పద్ధతి. అన్నిటికీ దూరంగా ఉండడం వాళ్ళది.

1905 దాకా ఫ్రాన్స్‌లో కూడా చర్చి ఫాదర్లకి, ప్రొటెస్టెంట్ పాస్టర్లకి, యూదు రబ్బీలకి ప్రభుత్వమే జీతాలిచ్చేది. నెపోలియన్ 1801లో పోప్‌తో చేసుకున్న ఒప్పందంతో ఆ పద్ధతి మొదలైంది. కొత్త చట్టంలో మొదటి అంశం: మనస్సాక్షి స్వేచ్ఛకు హామీ, పూజలు స్వేచ్ఛగా చేసుకోవచ్చు. రెండోది: ప్రభుత్వం ఏ మతాన్నీ గుర్తించదు, జీతం ఇవ్వదు, సాయం చేయదు. అప్పటికే ఉన్న చర్చి భవనాలు మాత్రం చాలా వరకు ప్రభుత్వానివి, మున్సిపాలిటీలవి. 2019లో తగలబడిన నోత్ర్‌దామ్ కూడా ప్రభుత్వ ఆస్తే.

ఇక్కడొక చిన్న సంఘటన చెప్పాలి, ఎందుకంటే చివర్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాం. 1905లో చర్చ జరుగుతుండగా ఒక సభ్యుడు లేచి, ఫాదర్లు వేసుకునే పొడుగు నల్ల అంగీని వీధుల్లో నిషేధించాలన్నాడు. ఆ అంగీ లొంగుబాటుకి గుర్తు, దాన్ని తీసేస్తే ఆ మనిషికి విముక్తి అని అతని వాదన. ఎక్కడో విన్నట్టు లేదూ? చట్టాన్ని సభలో నడిపించిన అరిస్తీద్ బ్రియాఁ ఒప్పుకోలేదు. స్వేచ్ఛ కోసం తెస్తున్న చట్టంతో జనం బట్టల కొలతలు తీస్తే నవ్వులపాలవుతాం అన్నాడు. అంగీ నిషేధిస్తే ఫాదర్లూ టైలర్లూ కలిసి రేపే ఇంకో రకం అంగీ కుట్టేస్తారన్నాడు. సవరణ వీగిపోయింది.

గుర్తుపెట్టుకోండి: చట్టం నిష్పాక్షికంగా ఉండమన్నది ప్రభుత్వాన్ని, ప్రజల్ని కాదు.

[తెర మీద: గోదావరి పాయ, యానాం]

ఇప్పుడు కాస్త మన వైపు. యానాం 1954 దాకా ఫ్రెంచి వాళ్ళది. బ్రిటిష్ ఇండియాలో 1929లో బాల్యవివాహాల మీద శారదా చట్టం వచ్చాక, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు పిల్లల్ని తీసుకుని యానాం వెళ్ళి పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు. ఊరికి కల్యాణపురం అనే పేరొచ్చింది. ప్యారిస్‌లో చర్చిని బడి నుంచి వెళ్ళగొట్టిన గణతంత్రం, గోదావరి ఒడ్డున మన ఆచారాల జోలికి రాలేదు. ఫ్రెంచి పౌర చట్టం కిందకి రావాలనుకున్నవాళ్ళు, 1881 నాటి ఆదేశం ప్రకారం, తమ మత చట్టాన్ని వదులుకున్నట్టు సంతకం పెట్టి ఇంటిపేరు రాయించుకోవాలి. ఒకసారి వదిలితే మళ్ళీ వెనక్కి లేదు.

అప్పట్లో ఫ్రాన్స్ పాలించిన అల్జీరియాలో అయితే ఇంకా ఘోరం. 1865 నుంచి, ముస్లిం పూర్తి పౌరుడు కావాలంటే తన ఇస్లామిక్ వ్యక్తిగత చట్టాన్ని వదులుకోవాలి. 1905 చట్టాన్ని కూడా అక్కడ సరిగ్గా అమలు చేయలేదు. మసీదుల మీద అదుపు పోతుందని, 1907లో మినహాయింపు తెచ్చి ఇమాములకు డబ్బులిస్తూనే వచ్చారు. అంటే మతానికి దూరంగా ఉండాలన్న నియమం సొంత దేశంలో ఒకటి, పాలించే పరాయి దేశంలో ఇంకొకటి. తర్వాత జరిగిన గొడవల్లో ఈ పాత లెక్క ఎవరూ పైకి తీయరు గానీ, ఆ కుటుంబాలు మర్చిపోలేదని నా అనుమానం.

[తెర మీద: కార్ల ఫ్యాక్టరీ, ఊరి చివర ఎత్తైన అపార్ట్‌మెంట్లు]

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌కి పనివాళ్ళు కావాల్సొచ్చింది. అల్జీరియా, మొరాకో, ట్యునీషియాల నుంచి మగవాళ్ళు వచ్చారు. కార్ల ఫ్యాక్టరీల్లో, గనుల్లో, రోడ్ల పనుల్లో చేరారు. నాలుగు రాళ్ళు సంపాదించుకుని తిరిగి వెళ్ళిపోతారని అందరూ అనుకున్నారు, వాళ్ళతో సహా. గల్ఫ్‌కి మనవాళ్ళు వెళ్ళినట్టే. 1974లో మాంద్యం వచ్చి కొత్త కార్మికుల రాకను ఆపేశారు. దాంతో ఉన్నవాళ్ళకి భయం పట్టుకుంది: వెళ్తే మళ్ళీ రానిస్తారో లేదో. ఉండిపోయారు. భార్యాపిల్లల్ని పిలిపించుకున్నారు. తలుపు మూయబోతే వలస కాస్తా కాపురం అయింది. ఊరి శివార్లలో కట్టిన అపార్ట్‌మెంట్లలో సర్దుకున్నారు. ఫ్యాక్టరీలు మూతపడ్డా ఆ ఇళ్ళు మిగిలాయి.

1989 సెప్టెంబరు. ప్యారిస్‌కి ఉత్తరాన క్రెయ్ అనే ఊరు. తల మీద గుడ్డ తీయనందుకు ముగ్గురు ముస్లిం అమ్మాయిల్ని బడిలోకి రానివ్వలేదు. దేశమంతా రెండుగా చీలిపోయింది. కోన్సెయ్ దెతా అప్పుడు చెప్పిన మాట: మత చిహ్నం ధరించడం దానంతటదే లాయిసితేకి విరుద్ధం కాదు. ఒత్తిడి చేస్తే, పాఠాలకి అడ్డొస్తే, అప్పుడు చూడండి. ఒక రకంగా బ్రియాఁ మాటే.

పదిహేనేళ్ళు ఈ భారం హెడ్మాస్టర్ల నెత్తిన పడింది. ఎక్కడికక్కడ తగవు తీర్చుకోవడం. 2003లో బెర్నార్ స్తాసీ అధ్యక్షతన కమిషన్ వేశారు. గుడ్డ వేసుకోనందుకు వీధిలో వేధింపులు పడుతున్న అమ్మాయిలున్నారని, బడి ఒక్కటైనా వాళ్ళకి ఊపిరి తీసుకునే చోటు కావాలని కమిషన్‌కి వినిపించింది. ఇది కొట్టిపారేసే మాట కాదు. 2004 మార్చి 15న చట్టం వచ్చింది. 494 మంది అవునన్నారు, 36 మంది కాదన్నారు. ప్రభుత్వ బడుల్లో, ప్రైమరీ నుంచి మన ఇంటర్ స్థాయి దాకా, కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలు వద్దు. యూనివర్సిటీకి ఇది వర్తించదు, కాబట్టి ఎమ్మెస్‌కి వెళ్ళే మనవాళ్ళకి టెన్షన్ లేదు. అదే కమిషన్ ఈద్‌కీ, యూదుల యోమ్ కిప్పూర్‌కీ బడికి సెలవివ్వమని కూడా చెప్పింది. అది ఎవరికీ వినపడలేదు. దేశంలో ఉన్న 11 ప్రభుత్వ సెలవుల్లో 6 క్రైస్తవ పండుగలే.

సిక్కులు అసలు ఎవరి లెక్కలోనూ లేరు. ప్యారిస్ పక్కన బొబీన్యీలో తలపాగా పిల్లల్ని బడి నుంచి పంపేశారు. ఒక కేసు ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ దాకా వెళ్ళింది. 2012లో కమిటీ ఫ్రాన్స్‌దే తప్పంది. చట్టం మాత్రం మారలేదు.

నా మాట చెప్తాను. 1905లో ప్రభుత్వం మెడకి కట్టిన పలుపు, వందేళ్ళకి పదమూడేళ్ళ పిల్ల మెడకి చేరింది. పేరు అదే, లాయిసితే.

కానీ ఇది కేవలం పక్షపాతం అనేస్తే కూడా అన్యాయమే. ఇస్లాం పేరు చెప్పుకున్న తీవ్రవాదుల చేతిలో 2015 జనవరిలో షార్లీ ఎబ్దో వ్యంగ్య పత్రిక ఆఫీసులో హత్యలు, నవంబరులో ప్యారిస్ దాడుల్లో 130 మంది చావు. 2020 అక్టోబరు 16న సామ్యుయెల్ పాతీ అనే చరిత్ర మాస్టారి తల నరికేశారు. క్లాసులో భావ ప్రకటన స్వేచ్ఛ పాఠం చెప్తూ ముహమ్మద్ ప్రవక్త మీద ఆ పత్రిక వేసిన కార్టూన్లు చూపించడమే ఆయన నేరం. పాఠం చెప్పడానికి భయపడే టీచర్ల దగ్గరికెళ్ళి "ఇదంతా అతి" అనడం తేలిక కాదు.

[తెర మీద: బడి గేటు, 2023 సెప్టెంబరు]

2010లో ముఖం కప్పే ముసుగు మీద నిషేధం. 2016లో బీచ్‌లో బుర్కినీ, అంటే ఒళ్ళంతా కప్పే ఈత దుస్తుల మీద కొన్ని ఊళ్ళు పెట్టిన నిషేధం, అది కోర్టులో నిలబడలేదు. ఇవి పక్కన పెడదాం. 2023 ఆగస్టులో విద్యా మంత్రి గాబ్రియెల్ అత్తాల్ బడుల్లో అబాయా కూడా కుదరదన్నాడు. అబాయా అంటే వదులుగా ఉండే పొడుగు గౌను. అది మతమా, ఫ్యాషనా? బడి తెరిచిన రోజు 298 మంది అమ్మాయిలు అబాయాలో వచ్చారు. మార్చుకోనన్న 67 మందిని ఇంటికి పంపారు. పొడుగు స్కర్టు ఎక్కడ ఆగి అబాయా ఎక్కడ మొదలవుతుందో గేటు దగ్గర నిలబడి తేల్చాల్సింది బడి సిబ్బంది. బ్రియాఁ చెప్పిన టైలర్లు గుర్తున్నారా?

గుంపుని వదిలి ఒంటరిగా వస్తే తలుపు తెరుస్తాం అన్న బేరం సంగతి కూడా చూద్దాం. 2009లో పరిశోధకులు ఫ్రెంచి కంపెనీలకి ఉద్యోగ దరఖాస్తులు పంపారు. ఇద్దరు కల్పిత అమ్మాయిలు, ఇద్దరూ సెనెగల్ మూలాలవాళ్ళే, ఒకే ఇంటిపేరు, ఒకే చదువు. ఒకరు మారీ ద్యుఫ్, ఇంకొకరు ఖదీజా ద్యుఫ్. మారీ క్రైస్తవ సంస్థలో, ఖదీజా ముస్లిం సంస్థలో పనిచేసినట్టు రాశారు. ఇంటర్వ్యూ పిలుపులు ఖదీజా కంటే మారీకి రెండున్నర రెట్లు ఎక్కువ వచ్చాయి. దరఖాస్తు మీద తల గుడ్డ కనపడదు, పేరే కనపడుతుంది. చేయి కలిపేదాకా కూడా రాలేదు ఖదీజా.

ఆఖరిగా ఒక విషయం. ఫ్రాన్స్‌లో ప్రతి ఆరుగురు పిల్లల్లో ఒకరు ప్రైవేటు బడికెళ్తారు. వాటిలో ఎక్కువ కాథలిక్ బడులు. 1959 చట్టం ప్రకారం ఒప్పందమున్న బడుల్లో టీచర్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. 2004 చట్టం వాటికి వర్తించదు. అందుకని తల మీద గుడ్డ తీయడం ఇష్టం లేని కొందరు ముస్లిం అమ్మాయిలు, గోడ మీద శిలువ ఉన్న ఆ బడుల్లో చేరి చదువుకుంటున్నారు.